పాట, కానుక, లెక్క

చదువవలసిన వాక్యభాగము: 2 కొరింథీయులకు 8:1–5, 16–21



క్రిస్మసు సమీపించినప్పుడు ఉదయగిరి మొదలుకొని ఆత్మకూరు వరకు మన పల్లెలలో యౌవనస్థులు కంజర, తాళములు పట్టుకొని రాత్రివేళ ఇల్లిల్లు తిరిగి పాడుదురు. విన్నవారు చాటతో బియ్యమో, డబ్బాలో రూపాయలో వేయుదురు. ఒక్కొక్కప్పుడు ఆ పాట ఒక రోగి కొరకు, ఇల్లు కాలినవారి కొరకు, తండ్రిలేని బిడ్డ చదువు కొరకు పాడుదురు. ఇట్లు పాటవలన కానుక కూర్చుట మంచిదేనా? మంచిదైనయెడల దానిని ఏలాగు జరిగింపవలెను? ఈ నెల పాఠములో ఈ రెండు సంగతులను ఆలోచింతము.

1. తమకు లేనప్పుడు ఇచ్చిన గాయకులు

అమెరికాలో బానిసత్వము తొలగిన పిమ్మట, 1866లో నాష్విల్ పట్టణమున, విడుదల పొందిన నల్లజాతివారి కొరకు ఫిస్క్ పాఠశాల తెరువబడెను. కొలది సంవత్సరములలోనే అది అప్పులపాలై మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు అక్కడి కోశాధికారియు సంగీతోపాధ్యాయుడునైన జార్జి వైట్ తొమ్మండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని 1871 అక్టోబరు 6న బయలుదేరెను. వారిలో పెక్కుమంది బానిసలుగా పుట్టినవారే. ఊరూర పాడి పాఠశాలను నిలువబెట్టవలెనని వారి ఉద్దేశము.

వారు బయలుదేరిన రెండు మూడు దినములకే చికాగో నగరము అగ్నిపాలై, ఎందరో నిలువ నీడ లేనివారైరి. ఆ గాయకులకు దారిఖర్చుకే కరవు. అయినను ఒహాయో రాష్ట్రములో ఒక సభలో వచ్చిన సొమ్మంతయు, సుమారు 50 డాలర్లు, చికాగో బాధితులకు ఇచ్చివేసిరి. తరువాత వారికి జూబిలీ గాయకులని పేరు పెట్టబడెను. ఆ పేరు లేవీయకాండము 25వ అధ్యాయమునుండి వచ్చినది. బానిసలు విడుదల పొందు ఆ సంవత్సరమును మన తెలుగు బైబిలు సునాద సంవత్సరమనుచున్నది. ఆ మొదటి యాత్రలోనే వారు 20,000 డాలర్లు సమకూర్చిరి. వారి పాటల సొమ్ముతో కట్టిన జూబిలీ హాలు 1876లో ప్రతిష్ఠింపబడి నేటికిని నిలిచియున్నది.

మాసిదోనియ సంఘములవారును ఇట్టివారే. వారు కటిక బీదలైయుండియు, శక్తికి మించి ఇచ్చిరని పౌలు వ్రాయుచున్నాడు. ఇచ్చుటకు కలిమి రావలెనని వారు కనిపెట్టుకొని యుండలేదు.

2. విన్నవారును పాలివారే

దూరదేశపు సంగతి అటుండనిండు. మన నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కుమారుడు గాయకుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిని ఎరుగనివారు మనలో లేరు. 2020 మార్చిలో కరోనా వ్యాధి మూలముగా దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, ఆయన తన ఇంటనుండియే సాయంకాలమున అరగంటసేపు ఫేస్‌బుక్‌లో పాడెను. అభిమానులు తమకిష్టమైన పాటను కోరవచ్చును. కోరినవారు కనీసము 100 రూపాయలు వ్యాధి సహాయమునకు ఇయ్యవలెను. ఆగస్టులో ఆయనకే ఆ వ్యాధి సోకెను. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసెను.

నూరు రూపాయలు గొప్ప మొత్తము కాదు. అయినను దానివలన వినువాడు ఊరక వినువాడుగా ఉండక ఆ సహాయములో పాలివాడాయెను. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండి బీద విధవరాలి రెండు కాసులను లెక్కించెను గదా. కాబట్టి మీ వాకిట పాడినప్పుడు పది రూపాయలే వేసితిమని సిగ్గుపడకుడి. పాడినవారి గొంతు ఎంతో, మీ పది రూపాయలును అంతే.

3. చేరవలసినచోటికి చేరవలెను

1971 ఆగస్టు 1న న్యూయార్కు నగరములో సితారు విద్వాంసుడు రవిశంకరుగారును, ఆయన స్నేహితుడు జార్జి హారిసనును బంగ్లాదేశపు కాందిశీకుల కొరకు రెండు కచ్చేరీలు జరిగించిరి. సుమారు 40,000 మంది విన్నారు. ప్రవేశరుసుముగా వచ్చిన 2,43,000 డాలర్లకు పైగా సొమ్ము ఐక్యరాజ్యసమితి బాలల నిధికి చేరెను. అయితే రికార్డులవలనను సినిమావలనను వచ్చిన ఎక్కువ సొమ్ము పన్నుల తగవులో చిక్కుకొని అనేక సంవత్సరములు నిలిచిపోయెను. ధర్మకార్యమని ముందుగా ప్రభుత్వమువద్ద అనుమతి పొందకపోవుటయే అందుకు కారణము. పాడినవారి మనస్సు మంచిదే; ఏర్పాటు చాలలేదు.

ఇతరుల లోపములనే వ్రాసి ఊరకుండుట మాకు తగదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక కూలి సహోదరుని కాలి ఆపరేషను కొరకు మూడు రాత్రులు పాడితిమి. వచ్చిన సొమ్ములోనుండియే మైకుసెట్టు బాడుగ, ఆటో ఖర్చు, మా భోజనములు తీసికొని, మిగిలినది ఆ ఇంటివారి చేతిలో పెట్టితిమి. ఎవరును దొంగిలలేదు. గాని ఎంత వచ్చినది, ఎంత పోయినది ఎవరితోను చెప్పలేదు. ఊరిలో గుసగుసలు పుట్టెను. మరుసటి యేడు ఒక విధవరాలి ఇంటికప్పు కొరకు పాడబోతిమి, వాకిళ్లు తెరువబడలేదు. ఆమె ఆ వానకాలమంతయు పట్టా క్రింద గడిపెను. తప్పు మాది, బాధ ఆమెది.

పౌలు ఈ సంగతి ముందే ఎరిగియుండెను. యెరూషలేము బీదల కొరకు పోగైన సొమ్మును ఒక్కనిచేత పంపలేదు. తీతుతోకూడ మరి యిద్దరిని పంపెను. వారిలో ఒకడు సంఘములు ఏర్పరచినవాడు. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా నుండవలెనని ఆయన తలంపు. దేవునికి తెలియును గదా అని లెక్క చెప్పకుండుట భక్తి కాదు.

4. మనము చేయవలసినది

(అ) పాట ఎవరి కొరకో, ఏ పని కొరకో పాడకముందే చెప్పవలెను. అయితే సహాయము పొందువారిని జనుల యెదుట నిలువబెట్టి చిన్నబుచ్చరాదు.

(ఆ) పాడువారి ఖర్చులు పాడువారే భరించవలెను. చేతకానియెడల, ఎంత తీసికొందురో ముందే ప్రకటింపవలెను.

(ఇ) డబ్బాను ముగ్గురి యెదుట తెరువవలెను. వారిలో ఒకరైనను పాటల గుంపులో చేరనివారై యుండవలెను. ఆ రాత్రియే పుస్తకములో వ్రాయవలెను.

(ఈ) తరువాతి ఆదివారము సంఘములో లెక్క చదువవలెను. ఇతర మతస్థులును ఇచ్చియుందురు గనుక రచ్చబండయొద్దను తెలియజేయవలెను.

ఉదయగిరిలో కొయ్యతో చెక్కు గరిటెలు మనమందరము ఎరిగినవే. గరిట కుండలోనిది విస్తరిలో వడ్డించును. తాను ఏమియు ఉంచుకొనదు. కానుకను మోయువారును అట్లే యుండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఫిస్క్ గాయకులు తమ అప్పు తీరకముందే చికాగోవారికి ఇచ్చుట సరియైనదేనా? ఎందుకు?

2. మన సంఘములో గత క్రిస్మసు పాటల సొమ్ము ఎంత? అది ఎవరికి చేరినది? మనలో ఎందరు చెప్పగలరు?

3. ఈ సంవత్సరము మన పాట ఎవరి కొరకు? లెక్క వ్రాయువారెవరు?

ప్రార్థన: ప్రభువా, మా నోటికి పాటను, మా చేతికి ధారాళమును, మా పుస్తకమునకు సత్యమును దయచేయుము. ఆమేన్.