వేసిన మందు ఎక్కడికి పోయింది?

పోచంపల్లి పేరు మనందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చారు. భూమి లేని 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తామన్నారు. భూదానం అట్లా మొదలైంది.

భూమి ఉంటే చాలదు. భూమికి తిండి పెట్టాలి.

ఆ ఊళ్లో వదినా మరదళ్లు కూర్చుని నూలుకు చిటికి కడుతున్నారనుకోండి.

"వదినా, ఎకరానికి రెండు బస్తాలు డీఏపీ ఏసినం. మక్క ఎదగలేదు. ఆకులు ఊదారంగుకు తిరిగినయి. అప్పు మాత్రం మిగిలింది."

"మట్టి పరీక్ష చేయించినరా?"

"చేయించినం. చీటీల పీహెచ్ 8.4 అని ఉన్నది."

"అయితే మీది క్షార నేల. భాస్వరం మట్టిల చిక్కుకున్నది."

భాస్వరం ఎందుకు చిక్కుకుంటుంది?

డీఏపీ బస్తా మీద 18-46 అని రాసి ఉంటుంది. చదవండి. 18 నత్రజని. 46 భాస్వరం. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది.

భాస్వరం వేళ్లకు బలం. పీహెచ్ 6.5 నుంచి 7.5 వరకు ఉంటే అది పంటకు బాగా అందుతుంది. అంతకన్నా పెరిగితే నేలలోని సున్నం భాస్వరాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి గట్టిపడతాయి. వేళ్లు దాన్ని పీల్చుకోలేవు. వేసిన భాస్వరంలో మొదటి పంటకు అందేది సాధారణంగా నూటికి 15 నుంచి 25 పాళ్లే. మిగిలింది మట్టిలోనే ఉంటుంది. అది మనం డబ్బు పెట్టి కొన్నదే.

నల్గొండ దిక్కు చల్క నేలలు ఎక్కువ. నల్లరేగడి, చౌడు నేలలూ ఉన్నాయి. నల్లరేగడిలో, చౌడులో ఈ బాధ ఎక్కువ.

మాగిన ఎరువు ఏం చేస్తుంది?

పెంట బాగా మాగితే నల్లగా, మెత్తగా అవుతుంది. ఈ నల్లటి పదార్థాన్ని హ్యూమస్ అంటారు. ఇందులో హ్యూమిక్ ఆమ్లాలు ఉంటాయి.

"వదినా, అవి ఏం జేస్తయి?"

"చిటికి కట్టిన కాడ నూలుకు రంగు అంటుతదా? అంటదు. గట్లనే, ఇవి సున్నాన్ని పట్టుకుంటయి. ఇక భాస్వరం దానికి అంటదు. వేళ్లకు దొరుకుతది."

మట్టి రేణువుల మీద భాస్వరం అంటుకునే చోట్లను కూడా ఇవి కొంత కప్పుతాయి. ఎరువు మట్టిలోని సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. అవి విడిచే ఆమ్లాలతో గట్టిపడ్డ భాస్వరం కొద్దికొద్దిగా కరుగుతుంది.

మనం ఏం చేయాలి?

1. మట్టి పరీక్ష చేయించాలి. చేనులో 8, 10 చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలపాలి. అందులో అర కిలో ఇవ్వాలి.

2. పెంటకుప్పను ఎండకు, వానకు వదలొద్దు. గుంతలో వేసి మాగనివ్వాలి.

3. డీఏపీ ఆఖరి దుక్కిలోనే వేయాలి. పైపాటుగా వేయొద్దు. చీటీలో భాస్వరం ఎక్కువ అని ఉంటే, వ్యవసాయ అధికారిని అడిగి తగ్గించాలి.

4. భాస్వరం కరిగించే బాక్టీరియా పొడి దొరుకుతుంది. ఎకరానికి 2 కిలోలు, 200 కిలోల మాగిన ఎరువులో కలిపి చల్లాలి.

5. చౌడు నేలకు ఎరువు ఒక్కటే చాలదు. జిప్సం ఎంత వేయాలో అడగాలి.

ఒక జాగ్రత్త

హ్యూమిక్ ఆమ్లాన్ని సీసాల్లో, డబ్బాల్లో అమ్ముతారు. అది భాస్వరం ఇచ్చే ఎరువు కాదు. అన్ని నేలల్లో ఒకే తీరుగా పనిచేయదు. అప్పు చేసి కొనవద్దు.

"అయితే ఈసారి ఇంకో బస్తా కొనేముందు ఆయనకు చీటీ చదివి వినిపిస్త, వదినా."

"వినిపియ్యి. చదువు నేర్చింది అందుకేనాయె."

చెప్పండి చూద్దాం

1. మీ చేను పీహెచ్ ఎంత?
2. మూడు బస్తాల డీఏపీలో భాస్వరం ఎన్ని కిలోలు?
3. మీ ఇంటి పెంటకుప్ప ఎండలో ఉందా, గుంతలో ఉందా?