మాగాణిలో రెండవ పంట

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు తన కుడివైపున విశాలమైన సమభూమిని ఏర్పరచినది. దానిని కృష్ణా పశ్చిమ డెల్టా యందురు. తెనాలి, రేపల్లె, బాపట్ల అచ్చటి ప్రధాన పట్టణములు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు సాగి, ఈ సీమలో వరి ముఖ్యమైన పంటయైనది. 1957 నుండి ఆ ఆనకట్ట పనిని ప్రకాశం బ్యారేజి నెరవేర్చుచున్నది.

వరి కోతకు వచ్చునప్పటికి వానలు వెనుకబడును. కాలువలలో నీరు తగ్గును. అయినను డెల్టాలోని నల్లని బరువు నేల తడిని త్వరగా విడువదు. ఆ తడిని వ్యర్థము కానీయని ఉపాయమును రైతులు బహుకాలముగా ఎరుగుదురు. కోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న వరిపైరులోనే మినుములు చల్లుదురు. దుక్కి లేదు, నీరు పెట్టుట లేదు. కోత కోయువారి అడుగుల క్రింద గింజ తడిమట్టిలో అదుముకొని మొలకెత్తును. కొన్ని గింజలు మొలవవు గనుక ఎకరమునకు 16 నుండి 18 కిలోల విత్తనము చల్లవలెనని శాస్త్రజ్ఞుల సలహా. నేలలోని తేమతోను, చలికాలపు మంచుతోను పెరిగి, సుమారు 80 దినములలో మినుము పంటకు వచ్చును. వంగదేశమునను, బంగ్లాదేశమునను రైతులు ఈ విధముగనే నిలిచిన వరిలో పప్పుధాన్యములు చల్లుచుందురు.

ఈ పంట ఇంటికి ఇడ్లీని, గారెను ఇచ్చుటతో ఆగదు. మినుము వేళ్లపై చిన్న బుడిపెలు ఉండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. రాలిన ఆకులు, మిగిలిన వేళ్లు నేలలో కలిసి తరువాతి వరికి కొంత బలమిచ్చును. వరి తడిని విడిచిపోవుచున్నది. మినుము సారమును విడిచిపోవుచున్నది. ఒక పంట మరియొక పంటకు ఇట్లు ఋణము తీర్చుకొనుచున్నది.

కాని ఈ గొలుసులో ఒక లంకె జారిన, తక్కినవన్నియు జారును. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసినది. ఆ పట్టణములోని వరి పరిశోధన విభాగమున డాక్టర్ ఎం. వి. రెడ్డి సాంబ మసూరి అను సన్నరకమును రూపొందించిరి. 1986లో విడుదలయైన ఆ రకమును రైతులు బి.పి.టి. 5204 అనియు పిలుతురు. కోయంబత్తూరు జి.ఇ.బి. 24, తైవాను దేశపు తైచుంగ్ నేటివ్ 1, మలేషియా మసూరి దాని పూర్వులు. దాని అన్నము రుచికి దేశమంతట పేరు పొందినది. కాని అది పండుటకు ఇంచుమించు 150 దినములు పట్టును. కాలువనీరు ఆలస్యముగా వచ్చినచో నాట్లు ఆలస్యమగును, కోత వెనుకపడును, మినుము విత్తునప్పటికి నేల తడి తగ్గిపోవును, పూతవేళకు ఎండ ముదురును. కాలువల చివరనున్న రేపల్లె ప్రాంతపు చేలకు ఈ చిక్కు అధికము. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుండి గోదావరి నీరు కృష్ణా డెల్టాకు చేరుచుండుట ఈ లంకెకు కొంత బలమిచ్చినది.

మరియొక ఆపద తెల్లదోమ వలన వచ్చినది. అది వ్యాపింపజేయు పల్లాకు తెగులు సోకిన మినుము ఆకులు పసుపు పచ్చగా మారి, కాపు తగ్గిపోవును. కోతయంత్రములు వచ్చుటతో, నిలిచిన పైరులో విత్తిన మొలకలు చక్రముల క్రింద నలుగుచున్నవి. ఇట్టి కష్టములకు ఓర్వలేక అనేకులు వరి తరువాత, దున్నకయే, మొక్కజొన్న విత్తసాగిరి. దాని దిగుబడి ఎక్కువ. కాని దానికి నీరు పెట్టవలెను; ఎరువులు విస్తారముగా వేయవలెను. మినుము నేలకు ఇచ్చినదానిని మొక్కజొన్న నేలనుండి తీసుకొనును. అప్పులు తీర్చవలసిన రైతు అధికాదాయమును కోరుట తప్పు కాదు. నేల నిస్సారమగుట అతనికి మేలును కాదు.

అందుచేతనే శాస్త్రజ్ఞులు ఒక్క పంటను గాక, చేను యొక్క సంవత్సరమంతటిని పరీక్షింపవలసి వచ్చినది. గుంటూరు సమీపమున లాం పరిశోధన కేంద్రము తెగులును తట్టుకొను మినుము రకములను వెదకుచున్నది. హైదరాబాదులోని పరిశోధన సంస్థలు ఎండాకు తెగులును ఎదుర్కొను సాంబ మసూరిని రూపొందింపగా, అది 2008లో విడుదలయైనది. ఎంత త్వరగా వరి పండునో, ఎంత తడి మిగులునో, కోతయంత్రము వెళ్లిన పిమ్మట ఎట్లు విత్తవలెనో, ఇవన్నియు ఒకే ప్రశ్నలోని భాగములు.

వరి బస్తాలు ఇంటికి చేరినంతమాత్రమున చేని లెక్క ముగియదు. వచ్చు సంవత్సరము అదే చేను మరల పండవలెను. నేటి దిగుబడితోపాటు రేపటి నేలను లెక్కించునదియే మేలైన వ్యవసాయము.

ప్రశ్నలు

1. మినుములను వరి కోతకు ముందే చల్లుటకు కారణమేమి?
2. వరి, మినుము పంటలు ఒకదానికొకటి ఎట్లు ఉపకరించుచున్నవి?
3. మొక్కజొన్న వలన కలుగు లాభనష్టములను వివరింపుము.