రెండు కుండీలు, ఒక ప్రశ్న: బొగ్గు మట్టిని బాగు చేస్తుందా?



"మట్టిలో బొగ్గు కలిపితే మొక్క బాగా పెరుగుతుందా?" అని మీ పిల్లలు అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి. రెండు కుండీలు చేతికివ్వండి. ఈ నెల ఇంటి యాక్టివిటీ అదే.

బయోచార్ అంటే ఏమిటి?

గాలి బాగా తగిలితే కట్టె కాలి బూడిదవుతుంది. గాలి దాదాపు అందకుండా వేడి చేస్తే బొగ్గవుతుంది. కట్టె, పంట వ్యర్థాలతో ఇలా తయారుచేసి నేలలో కలిపే బొగ్గే బయోచార్. దాని నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో నీరు, పోషకాలు నిలుస్తాయి, సూక్ష్మజీవులు చేరతాయి. బొగ్గు త్వరగా కుళ్లదు. అమెజాన్ ప్రాంతంలో 'టెర్రా ప్రేటా' అనే నల్లని మట్టి ఉంది. వందల ఏళ్ల కిందట అక్కడి ప్రజల వల్ల చేరిన బొగ్గు, ఎముకలు, కుండ పెంకులు అందులో ఇప్పటికీ దొరుకుతాయి.

ఒక జాగ్రత్త

బొగ్గు ఎరువు కాదు. ఉత్తగా కలిపితే మట్టిలోని నత్రజనిని మొదట అదే పట్టుకోవచ్చు. అప్పుడు ఆకులు పాలిపోతాయి. అందుకే ముందుగా ఎరువులో నానబెట్టాలి.

ఎలా చేయాలి?

1. ఇంట్లో ఏమీ కాల్చవద్దు. బయోచార్ కొనండి, లేదా ఇస్త్రీ పెట్టెలో వాడే కట్టె బొగ్గు తీసుకోండి.
2. దుమ్ము లేవకుండా తడిపి, గోనెసంచిలో వేసి, పెసరగింజంత ముక్కలయ్యేలా పెద్దవాళ్లే దంచాలి.
3. అర గ్లాసు బొగ్గు, అర గ్లాసు వర్మీకంపోస్టు కలిపి, 15 రోజులు తడిగా ఉంచండి. మరో అర గ్లాసు వర్మీకంపోస్టును విడిగా అలాగే ఉంచండి.
4. మొదటి కుండీలో 4 గ్లాసుల మట్టి, బొగ్గు మిశ్రమం వేయండి. రెండో కుండీలో నాలుగున్నర గ్లాసుల మట్టి, విడిగా ఉంచిన వర్మీకంపోస్టు వేయండి.
5. ఒక్కో కుండీలో 10 మెంతులు నాటి, ఒకే చోట ఉంచి, ఒకే కొలతతో నీళ్లు పోయండి.

రెండో కుండీకి కూడా ఎరువు ఎందుకు? మొదటి దానికే ఎరువు వేస్తే, మొక్క పెరిగింది ఎరువు వల్లో బొగ్గు వల్లో తేలదు. ఈ ప్రశ్న ముందు పిల్లల్నే అడగండి. అసలు పాఠం ఇదే.

మూడు వారాల పాటు మొలకల సంఖ్య, మొక్కల ఎత్తు, పైమట్టి ఎన్నాళ్లకు ఆరిందో రాయించండి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టిలో తేడా కనిపించే అవకాశం ఎక్కువ. నల్లరేగడికి నీటిని పట్టి ఉంచే గుణం ముందే ఉంది కనుక అంతగా కనిపించకపోవచ్చు.

ఒక్క మనవి. రికార్డు మీరు రాయవద్దు, అంకెలు మార్చవద్దు. చూసింది చూసినట్టు రాస్తే, "తేడా ఏమీ కనిపించలేదు" అన్నా మాకు పూర్తి మార్కుల జవాబే.