పెద్ద రోడ్డు మీద సైకిల్

రాత్రి ఏడయింది. లాల్ దర్వాజా గల్లీలో చదువు కేంద్రం. అందరూ వచ్చారు. చాంద్రాయణగుట్ట అవతల ఇళ్ళలో వంట చేసే వదిన మాత్రం ఆలస్యంగా వచ్చింది. మోచెయ్యి గీసుకుపోయి ఉంది.

"ఏమైంది వదినా?"

"బస్సు పక్కకెళ్ళి దూరిన. అది ఎడమకు తిరిగింది. సైకిల్ వదిలి దుంకిన. చక్రం వంగింది. ఇంక మా ఆయన సైకిల్ ముట్టనియ్యడు."

"మరి పనికెట్ల పోతవు?"

"అదే చెప్పు! ఆటోకు పెడితే కూలిల ఏం మిగుల్తది?"

టీచరమ్మ సైకిల్ మానమని అనలేదు. "అక్కా, ఆ డ్రైవరుకు నువ్వు కనిపించావా?" అని అడిగింది. వదిన ఆలోచనలో పడింది.

బస్సు డ్రైవరు ఎత్తులో, కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్కన ముందు చక్రం దగ్గర ఉన్న సైకిల్ అతనికి కనిపించదు. అద్దంలో కూడా పడకపోవచ్చు. బస్సు ఎడమకు మళ్ళినప్పుడు ముందు చక్రం దూరంగా తిరుగుతుంది. వెనక చక్రం లోపలికి కోసుకుని వస్తుంది. సైకిల్ నలిగేది అక్కడే. కాబట్టి మలుపు దగ్గర బస్సు పక్కకు, లారీ పక్కకు పోవద్దు. వెనకే ఆగాలి.

వేగం సంగతి చూడండి. గంటకు 60 కిలోమీటర్లు పోయే లారీ ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. మూడు చీరలు వరసగా పరిస్తే ఎంత పొడవో అంత! మనల్ని చూసి డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేసరికే ఆ దూరం అయిపోతుంది. బండి ఆగడానికి ఇంకా చాలా దూరం కావాలి.

షాలిబండ, అలియాబాద్ దారిలో ఆటోలు, కార్లు రోడ్డు పక్కనే ఆగి ఉంటాయి. ఎవరైనా చటుక్కున తలుపు తీస్తారు. తలుపు పూర్తిగా తెరిచినా తగలనంత దూరంలో పోవాలి. దగ్గరి దారి అని రాంగ్ రూట్లో పోవద్దు. కొంగు, చున్నీ, బురఖా అంచు చైనులో పడకుండా దోపుకోవాలి. ముదురు రంగు బట్టలు చీకట్లో కనబడవు. సైకిల్ వెనక, వెలుగు పడితే మెరిసే ఎర్ర బిళ్ళ పెట్టించాలి. దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయాలి.

తప్పంతా సైకిల్ వాళ్ళదేనా? కాదు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. పైన సోలార్ కప్పు కూడా ఉంది. కానీ అది నార్సింగి, కొల్లూరు వైపు. వంట పనికి పోయే వదినకు అది ఏం ఉపయోగం?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో మనలాంటి చదువు ఉద్యమం నడిచింది. అక్కడ అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పారు. వేల మంది ఆడవాళ్ళు నేర్చుకున్నారు. ఎగతాళి చేసిన వాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళు మానలేదు. సైకిల్ మీదే నీళ్ళు తెచ్చుకున్నారు.

వదిన చక్రం వంకర తీయించింది. ఇప్పుడు వీలైనంత దూరం గల్లీల్లోనే పోతుంది. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటుతుంది. మొదటి రోజు వాళ్ళాయన వెనకే వచ్చి చూశాడట!

మాట్లాడుకోండి: మీ ఇంటి నుంచి పనికి పోయే దారిలో భయం వేసే చోటు ఏది? దాని పేరు రాయండి.