పందెం కోసం కట్టిన పడవ

లిప్టన్ టీ పేరు మీరు వినే ఉంటారు. లిప్టన్ అనేది ఒక మనిషి పేరు. థామస్ లిప్టన్ బ్రిటన్‌లో పెద్ద వ్యాపారి. సిలోనులో, అంటే ఇప్పటి శ్రీలంకలో, టీ తోటలు కొన్నాడు. ఆయనకు తెరచాప పడవల పందేలంటే పిచ్చి. అమెరికా వాళ్ల దగ్గరున్న వెండి కప్పు గెలవాలని కోరిక. కప్పు అంటారు గానీ అది కూజాలా ఉంటుంది. దానికి అడుగు కూడా లేదు!

1903లో లిప్టన్ మూడోసారి పందేనికి వచ్చాడు.

అమెరికాలో బ్రిస్టల్ అనే ఊళ్లో హెర్రెషాఫ్ అన్నదమ్ములు పడవలు కట్టేవాళ్లు. అన్న జాన్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. తమ్ముడు నతానియెల్ ముందు చెక్కతో చిన్న నమూనా చేసేవాడు. పడవలో సగమే చెక్కేవాడు. రెండో సగమూ అలాగే ఉంటుంది కదా! జాన్ దాన్ని చేత్తో తడిమి చూసేవాడు. వంపు ఎక్కడ బాగుందో, ఎక్కడ బాగాలేదో ఆయన వేళ్లకు తెలిసేది. ఆ నమూనా కొలతలు పెంచి పెద్ద పడవ కట్టేవాళ్లు.

ఆ ఏడు వాళ్లు కట్టిన పడవ పేరు రిలయన్స్. దానికి ఇంజను లేదు. గాలే నడపాలి.

అప్పట్లో పందేనికి ఒక నియమం ఉండేది. నీటిమట్టం దగ్గర పడవ పొడవు 90 అడుగులు దాటకూడదు. పడవ కదలకుండా ఉన్నప్పుడు కొలిచేవాళ్లు. నతానియెల్ అక్కడ 90కి కాస్త తక్కువే ఉంచాడు. కానీ ముందూ వెనకా నీటికి పైన బాగా సాగదీశాడు. మొత్తం పొడవు దాదాపు 144 అడుగులైంది. గాలి తోస్తే పడవ పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఆ సాగిన భాగాలు నీళ్లలోకి దిగుతాయి. నీళ్లలో పొడవు పెరిగితే వేగం పెరుగుతుంది. నియమం తప్పలేదు, పనీ జరిగింది.

మరి ఒరిగిన పడవ బోల్తా పడదా? దాని అడుగున సీసం బరువు ఉంటుంది. అడుగు బరువున్న బొమ్మను తోసి చూడండి. మళ్లీ లేచి నిలబడుతుంది. ఇదీ అంతే.

తెరచాపలన్నీ కలిపితే 16,000 చదరపు అడుగులు. అంటే 36 సెంట్ల పొలం మీద పరచవచ్చు! వాటిని సర్దడానికి 60 మందికి పైగా కావాలి.

రిలయన్స్ వరసగా మూడు పందేలు గెలిచింది. లిప్టన్ ఓడిపోయాడు.

గెలిచింది సరే, ఆ పడవ ఇంకెందుకైనా పనికొచ్చిందా? లేదు. తేలికగా ఉండాలని పలచని కంచు రేకులు వేశారు. గాలి గట్టిగా వీస్తే భయమే. ఆ ఒక్క ఏడే పందెం ఆడింది. 1913లో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు.

నతానియెలే కొత్త కొలత ఒకటి తయారుచేశాడు. అందులో పడవ బరువునూ లెక్కవేస్తారు. మరీ తేలికగా కడితే లాభం ఉండదు. ఆ కొలతతో 1914లో రిజల్యూట్ అనే పడవ కట్టాడు. యుద్ధం వచ్చి పందెం ఆగింది. 1920లో ఆ పడవ మళ్లీ లిప్టన్‌ను ఓడించింది. అది చూడటానికి జాన్ లేడు. ఆయన 1915లోనే పోయాడు.