కనికట్టు వెనుక చదువు

పాఠ్యభాగ ఉద్దేశం

చలనచిత్ర, టెలివిజన్ రంగాలలో ప్రత్యేక ప్రభావాల కళ ఏ విధంగా ఎదిగిందో, ఆ కళను స్నాతకోత్తర స్థాయిలో ఎందుకు అధ్యయనం చేస్తారో తెలియజేయడం, ఆ చదువును ఎంచుకొనే ముందు ఆలోచించవలసిన విషయాలను విద్యార్థుల దృష్టికి తేవడం ఈ పాఠం ఉద్దేశం.

గారడీ నుండి వెండితెరకు

లేనిదాన్ని ఉన్నట్లుగా, ఉన్నదాన్ని లేనట్లుగా చూపి నమ్మించడం గారడీవాడికి తెలిసిన విద్య. దీనినే తెలుగువారు కనికట్టు అన్నారు. గారడీవాడు వీధిలో చేసే పనిని చలనచిత్రం తెరమీద చేస్తుంది. 1902లో చంద్రలోక యాత్రను చిత్రంగా తీసి ప్రేక్షకులను ఆశ్చర్యపరచిన ఫ్రెంచి దర్శకుడు జార్జి మెలియెస్ అంతకు ముందు ఐంద్రజాలికుడే కావడం గమనింపదగిన విషయం. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను, 1919లో ‘కాళీయ మర్దన్’ను నిర్మించినప్పుడు పురాణాలలోని మహిమలను చూపడానికి ట్రిక్ ఫొటోగ్రఫీనే ఆశ్రయించాడు.

తెలుగు చలనచిత్రాలకు ఈ కళతో సన్నిహిత సంబంధం ఉంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి, 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. ‘మాయాబజార్’లో ఆయన తెరపై కురిపించిన వెన్నెలను నేటికీ చెప్పుకుంటారు. ఆనాడు ఈ పనికి కంప్యూటర్ల సాయం లేదు. కటకంలో సగభాగాన్ని మూసి చిత్రించి, అదే ఫిల్మును వెనక్కు తిప్పి మిగిలిన సగంలో మళ్లీ చిత్రిస్తే ఒకే నటుడు ఇద్దరుగా కనిపించేవాడు. అరచేతిలో పట్టే నమూనాను సరైన దూరంలో ఉంచితే అది ఆకాశాన్నంటే కోటగా తోచేది. ఈ పనులు నేర్పడానికి ప్రత్యేకమైన పాఠశాలలంటూ లేవు. స్టూడియోయే బడి, సీనియర్ ఛాయాగ్రాహకుడే గురువు. శిష్యుడు ఏళ్ల తరబడి వెంట ఉండి, చూసి నేర్చుకొనేవాడు.

ఈ కళలోని శాఖలు

ప్రత్యేక ప్రభావాలను స్థూలంగా రెండు విధాలుగా విభజించవచ్చు. చిత్రీకరణ స్థలంలోనే కురిపించే వాన, లేపే పొగ, జరిపే పేలుడు, నటుడి ముఖంపై చేసే గాయం మొదటి రకానికి చెందినవి. చిత్రీకరణ ముగిసిన తరువాత కంప్యూటరుపై కూర్చేవి రెండవ రకం. వీటినే మన ప్రేక్షకులు ‘గ్రాఫిక్స్’ అని పిలుస్తారు.

చలనచిత్రంలో ఒక సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. అంటే ఒక్క నిమిషం దృశ్యానికి 1440 చిత్రాలు. నటుణ్ణి ఆకుపచ్చని తెర ముందు నిలిపి చిత్రించి, ఆ పచ్చదనాన్ని తొలగించి, దాని స్థానంలో కొండనో కోటనో చేరుస్తారు. మనిషి చర్మపు వర్ణానికి ఆకుపచ్చ దూరంగా ఉండడం, డిజిటల్ కెమెరాలు ఆ రంగును స్పష్టంగా గ్రహించడం ఈ ఎంపికకు కారణాలు. అటువంటి తెర లేనిచోట నటుడి ఆకారపు అంచులను ఒక్కొక్క చిత్రంలో విడివిడిగా గుర్తించి వేరు చేయవలసి ఉంటుంది. ఈ పనిని రోటోస్కోపింగ్ అంటారు. ఇదిగాక ఆకారాన్ని మలచేవారు, దానికి ఎముకలను, కీళ్లను అమర్చేవారు, కదలిక నిచ్చేవారు, వెలుగునీడలను దిద్దేవారు, చివరకు అన్నింటినీ అతుకు తెలియకుండా కలిపేవారు వేరువేరుగా ఉంటారు.

టెలివిజన్‌లోనూ ఇవే పద్ధతులు సాగుతాయి. కాని అక్కడ వ్యవధి, వ్యయం రెండూ పరిమితం. చలనచిత్రానికి నెలలు దొరికితే, ధారావాహికకు రోజులే దొరుకుతాయి. తక్కువ కాలంలో నమ్మదగిన దృశ్యాన్ని కూర్చడం మరొక రకమైన నేర్పు.

పనిముట్టు మారినా నిలిచిన విద్య

ఈ రంగంలో నిజమైన చదువు ఏదో తెలిపే సంఘటన ఒకటుంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో 1993లో ‘జురాసిక్ పార్క్’ విడుదలైంది. అందులోని రాక్షసబల్లుల కదలికలను చిత్రించే బాధ్యతను మొదట ఫిల్ టిప్పెట్ అనే కళాకారుడికి అప్పగించారు. బొమ్మను ఒక్కొక్క చిత్రానికి కొద్దికొద్దిగా కదుపుతూ జీవం ఉన్నట్లు భ్రమింపజేయడంలో ఆయన సిద్ధహస్తుడు. ఇంతలో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థకు చెందినవారు కంప్యూటరుపై రాక్షసబల్లిని పరుగెత్తించి చూపారు. దర్శకుడు కంప్యూటరు వైపే మొగ్గాడు. టిప్పెట్ జీవితమంతా సాధన చేసిన పనిముట్టు ఒక్కసారిగా పాతబడిపోయింది.

అయినా ఆయనను వదులుకోలేదు. బరువైన జంతువు అడుగు వేసేటప్పుడు ఏ కాలిపై భారం పడుతుంది, తల తిప్పే ముందు మెడ ఎట్లా బిగుస్తుంది, వేటాడే జంతువు ఎప్పుడు ఆగి చూస్తుంది అనే విషయాలు ఆయనకు తెలుసు. అందువల్ల కంప్యూటరు కళాకారులకు కదలికలను నేర్పే పర్యవేక్షకుడుగా కొనసాగాడు. బొమ్మ కీళ్లలో సెన్సర్లను అమర్చి, చేతితో కదిపిన కదలిక కంప్యూటరుకు చేరే సాధనాన్ని కూడా ఆ చిత్రానికి ఉపయోగించారు. 1994లో ఆ చిత్రానికి లభించిన దృశ్యప్రభావాల ఆస్కార్ పురస్కారాన్ని పంచుకొన్న నలుగురిలో టిప్పెట్ ఒకడు. పనిముట్టు చేయి జారినా, చూపు చేజారలేదు.

మన ‘ఈగ’ చిత్రం కూడా ఈ సత్యాన్నే నిరూపిస్తుంది. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2012లో వచ్చిన ఆ చిత్రంలో కథానాయకుడు ఈగ. దానికి మాట లేదు, మనిషివంటి ముఖకవళికలు లేవు. కాళ్ల కదలికతో, తల వంపుతో కోపాన్ని, ప్రేమను, పట్టుదలను ప్రేక్షకుడికి అందించవలసి వచ్చింది. ఆ చిత్రానికి ప్రత్యేక ప్రభావాల విభాగంలో జాతీయ పురస్కారం లభించింది.

స్నాతకోత్తర స్థాయిలో నేర్చేదేమిటి?

సాఫ్ట్‌వేరు వాడకాన్ని కొద్ది నెలల శిక్షణలో నేర్చుకోవచ్చు. అటువంటప్పుడు స్నాతకోత్తర విద్య ఎందుకన్న ప్రశ్న సహజం. ఏ మీట నొక్కాలో శిక్షణ చెబుతుంది. దృశ్యం ఎందుకు నమ్మశక్యంగా లేదో కనిపెట్టడాన్ని చదువు నేర్పుతుంది. కూర్చిన కోట గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తే లోపం నీడలో ఉందా, దూరాన్ని సూచించే మసకలో ఉందా, కటకం కోణంలో ఉందా అని తేల్చగలగాలి.

ఇంటర్మీడియట్‌లో మీరు చదివే పాఠాలే ఇందుకు పునాది. ఆకారాన్ని తిప్పడానికి, జరపడానికి, చిన్నది పెద్దది చేయడానికి గణితంలోని మాత్రికలు, సదిశలు ఆధారం. ఎగిరిపడే రాయి మార్గాన్ని నిర్ణయించేది భౌతికశాస్త్రంలోని ప్రక్షేపక చలనం. దీపం నుండి దూరం పెరిగేకొద్దీ వెలుగు ఎంత తగ్గాలో చెప్పేది విలోమ వర్గ నియమం. కల్పిత జంతువుకు ఎముకలు అమర్చేవాడికి జీవశాస్త్రం అవసరం. రాజుల కాలపు నగరాన్ని నిర్మించేవాడికి చరిత్ర అవసరం. కనుక ఈ రంగం ఏ ఒక్క గ్రూపు విద్యార్థుల సొత్తూ కాదు.

ఇంగ్లాండులోని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయంలో 1989లో ఏర్పడిన జాతీయ కంప్యూటర్ యానిమేషన్ కేంద్రం కళను, గణితాన్ని, ప్రోగ్రామింగును కలిపి బోధించడంలో పేరుపొందింది. మన దేశంలో ముంబయి ఐ.ఐ.టి.లోని ఐ.డి.సి. విభాగం యానిమేషన్‌లో ఎం.డెస్. పట్టాను అందిస్తుంది. అందులో ప్రవేశానికి రాయవలసిన సీడ్ పరీక్షలో బొమ్మ గీసే శక్తిని కూడా పరిశీలిస్తారు. కోల్‌కతాలో 1995లో నెలకొన్న సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ సినిమా ఒక స్నాతకోత్తర అధ్యయనాంశం. వీటికి ముందు డిగ్రీ అవసరం. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం యానిమేషన్‌లో డిగ్రీ స్థాయి కోర్సును నిర్వహిస్తున్నది.

ఎంపికకు ముందు ఆలోచించవలసినవి

ఈ రంగంలో వెలుగుతోపాటు నీడ కూడా ఉంది. 2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలో పడవపై కనిపించే పులి చాలావరకు కంప్యూటరు సృష్టి. దానికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు అమెరికాతోపాటు ముంబయిలోను, హైదరాబాదులోను శాఖలుండేవి. ఆ చిత్రానికి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ సంస్థ దివాలా పిటిషను దాఖలు చేసింది. లోపల పురస్కారాలు అందజేస్తుండగా, వెలుపల వందలాది ప్రభావ కళాకారులు నిరసన తెలిపారు. ముందుగా కుదుర్చుకొన్న మొత్తానికే పదేపదే మార్పులు చేయవలసి రావడం, తక్కువ ఖర్చయ్యే దేశాలకు పని తరలిపోవడం ఈ సంస్థల కష్టాలకు ముఖ్యకారణాలు.

నేడు మరొక మార్పు వచ్చింది. అంచులు గుర్తించడంవంటి పనులను కృత్రిమ మేధ చాలావరకు తానే చేయగలుగుతున్నది. కొత్తగా చేరేవారికి ఇంతకాలం మొదట దొరికిన పనులు ఇవే. ఆ ఒక్క పనినే నేర్చినవారికి భవిష్యత్తు కష్టమవుతుంది. దృశ్యాన్ని తూచగలిగినవారికి కొత్త సాధనం చేతికి మరొక పనిముట్టు అవుతుంది.

కాబట్టి అప్పుచేసి చేరే ముందు విద్యార్థి, తల్లిదండ్రులు కలిసి కొన్ని విషయాలు విచారించాలి. ఆ సంస్థ ఇచ్చే పట్టాకు గుర్తింపు ఉన్నదా? బోధించేవారు స్వయంగా చిత్రాలలో పనిచేసినవారా? పాత విద్యార్థులు చేసిన పనిని చూపగలరా? ఉద్యోగం ఖాయమని ప్రకటనలో రాసిన మాట కంటే ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు విలువైనవి.

ముగింపు

ఈ చదువుకు సన్నాహం ఖరీదైన కంప్యూటరుతో మొదలు కానవసరం లేదు. బిందెలోకి పడే నీటిధారను, ఎండ మారేకొద్దీ సాగే చెట్టునీడను, బరువు మోసే మనిషి నడుము వంపును శ్రద్ధగా చూసి, ఒక నోటుపుస్తకంలో గీసుకొనే అలవాటు నేడే చేసుకోవచ్చు. ప్రత్యేక ప్రభావం బాగా కుదిరినప్పుడు ప్రేక్షకుడికి అది ప్రభావమని తెలియదు. చేసినవాడి పేరూ చిత్రం చివర క్షణకాలం కదిలి మాయమవుతుంది. ఆ అజ్ఞాతంలో కూడా పనిలో తృప్తిని పొందగలవాడే ఈ విద్యకు అర్హుడు.

ప్రశ్నలు

1. కంప్యూటర్లు లేని కాలంలో కనికట్టు దృశ్యాలను ఏ విధంగా చిత్రించేవారో వివరించండి.
2. ‘పనిముట్టు చేయి జారినా, చూపు చేజారలేదు’ అన్న వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
3. ఇంటర్మీడియట్ పాఠ్యాంశాలు ఈ రంగానికి ఎట్లా తోడ్పడతాయి?
4. ఈ చదువును ఎంచుకొనే ముందు ఏయే విషయాలు విచారించాలి? మీ అభిప్రాయాన్ని జోడించి రాయండి.