ఏకాగ్రతకు వాడే మందు ఒక అమానతు

కొందరు పిల్లలు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరు. ఉస్తాద్ ఇచ్చిన సబఖ్ కాసేపటికే మరచిపోతారు. చేతిలో వస్తువు ఎక్కడ పెట్టారో వారికే తెలియదు. ఇంట్లోవాళ్లు దీన్ని అల్లరి అంటారు, బద్ధకం అంటారు, లేదా నజర్ తగిలిందని ఆమిల్ దగ్గరికి తీసుకెళతారు. వైద్యులు పరీక్షించి దీన్ని ఏడీహెచ్‌డీగా నిర్ధారించవచ్చు. ఇది పెంపకంలో లోపం కాదు, ఈమాన్‌లో లోపమూ కాదు. పెద్దవాళ్లలోనూ ఉంటుంది.

మందు వాడితే తవక్కుల్‌కు భంగమా? కాదు. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయించుకోమనే చెప్పారని హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. దుఆ చేద్దాం, మందూ వాడదాం.

అయితే ఈ మందు జలుబు మాత్ర వంటిది కాదు. మన దేశంలో దీనికి ఎక్కువగా ఇచ్చే ఉత్తేజక మందు మిథైల్‌ఫెనిడేట్. చట్టం దీన్ని షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చింది. డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి. అందులో ఒకటి దుకాణదారు రెండేళ్లు భద్రపరచాలి. దుర్వినియోగం చేస్తే ఇది వ్యసనంగా మారుతుంది కాబట్టే ఇంత కట్టుదిట్టం.

"మరి ఇది మత్తు కాదా?" అనే సందేహం సహజం. షరీఅత్ మత్తును నిషేధించింది అది బుద్ధిని కప్పేస్తుంది కాబట్టి. డాక్టరు చెప్పిన మోతాదులో ఈ మందు చెదిరిన బుద్ధిని కుదుటపరుస్తుంది. జబ్బు లేకుండా సరదాకో, హుషారుకో మింగేవారి సంగతి వేరు.

వాడేటప్పుడు గమనించవలసినవి:

1. మొదలుపెట్టే ముందు గుండె జబ్బు, బీపీ, కంట్లో నీటికాసులు, మానసిక వ్యాధి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే అదీ చెప్పాలి. వాడుతున్న ఇతర మందులన్నీ చూపించాలి.

2. మామూలు మాత్ర దాదాపు 3-4 గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా కరిగే రకం 8 నుంచి 12 గంటల వరకు పనిచేస్తుంది. ఈ రెండో రకాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు. ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెట్టింపు వేయకూడదు. సాయంత్రం ఆలస్యంగా వేస్తే నిద్ర పట్టదు.

3. ఆకలి తగ్గుతుంది. కాబట్టి పొద్దున్నే కడుపునిండా తినిపించి మందు ఇవ్వండి. ఎత్తు, బరువు, బీపీ, నాడి అప్పుడప్పుడు పరీక్ష చేయించండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం జరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

4. ఈఏపీసెట్, నీట్ పరీక్షల ముందు అన్న మాత్రను తమ్ముడికి, స్నేహితుడికి ఇవ్వడం సహాయం కాదు, ద్రోహం. ఒకరికి మేలు చేసే మోతాదు మరొకరి గుండెకు ప్రమాదం కావచ్చు. మందు పెద్దల దగ్గర తాళంలో ఉండాలి.

రమజాన్ విషయం. మాత్ర మింగితే రోజా భంగమవుతుంది. బాలిగ్ కాని పిల్లలకు రోజా విధి కాదు, కాబట్టి వారి మందు ఆపనవసరం లేదు. పెద్దలు షాబాన్ నెలలోనే డాక్టరును కలవాలి. సహరీలో వేసుకునే రకం కొందరికి సరిపోతుంది. ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే నిద్ర చెడవచ్చు. సొంతంగా వేళలు మార్చకండి, మందు మానకండి. సూరా బఖరా 184, 185 ఆయతుల్లో అల్లాహ్ రోగులకు సడలింపు ఇచ్చాడు. మందు లేకుండా గడవదని డాక్టరు చెబితే ఆ మాట పట్టుకుని ఖజా, ఫిద్యా విషయం ముఫ్తీ గారిని అడగండి.

ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉద్యోగానికో వెళ్లేవారు మరో సంగతి మరువకూడదు. సౌదీ, యూఏఈ వంటి దేశాల్లో నియంత్రిత మందులు వెంట తీసుకెళ్లాలంటే ముందే అనుమతి పొందాలి. అసలు డబ్బా, డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవాలి.

ఈ పాఠంలో మేము చెప్పదలచింది ఒక్కటే. శరీరం అల్లాహ్ అమానతు, దాని కోసం ఇచ్చిన మందూ అమానతే. ఎవరి కోసం ఇచ్చారో వారికే, ఎంత చెప్పారో అంతే వాడడం ఆ అమానతును కాపాడడం. మందు వాడే బిడ్డను పదిమందిలో చిన్నబుచ్చకుండా ఉండడం కూడా అందులో భాగమే. అల్లాహ్ మన బిడ్డలకు షిఫాను, మనకు ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.